ఉపగ్రహాలు చెప్పే సముద్ర ఉష్ణోగ్రతను ఎంతవరకు నమ్మొచ్చు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. విశాఖ దగ్గర సముద్రం నిజంగా వేడెక్కుతోందా లేదా అని స్వయంగా చూసుకుందామని మీరు రెండు డేటాసెట్లు దించుకున్నారు. ఒకటి 1981 సెప్టెంబరు నుంచి రోజువారీగా దొరికే సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతల పట్టిక ఓఐఎస్‌ఎస్‌టీ, రెండోది 2002లో పైకెళ్లిన ఆక్వా ఉపగ్రహం మీది మోడిస్ అనే సెన్సర్ కొలతలు. చోటు అదే, నెల అదే, అయినా రెండింటికీ అర డిగ్రీ పైచిలుకు తేడా వస్తోంది, ట్రెండ్ గీత కూడా దేనికది వేరే వాలుతో ఉంది. పైగా ఉపగ్రహం నీటి పైపొరను మాత్రమే చూస్తుందని, మబ్బు పడితే అదీ చూడలేదని ఎక్కడో చదివారు. మరి నలభై ఏళ్ల గ్రాఫులన్నీ ఏ ధైర్యంతో గీస్తున్నారు అని అడిగారు.

సూటిగా చెప్తాను. పెద్ద ప్రాంతానికి, పదుల ఏళ్ల మార్పుకు ఈ రికార్డును నమ్మొచ్చు. తీరం పక్కన ఒకే ఒక్క గడి (మ్యాప్‌ను విడగొట్టిన చదరాల్లో ఒకటి) తీసుకుని, ఒక రోజు విలువ చూసి నమ్మకూడదు. మీ రెండు డేటాసెట్లలో ఏదీ తప్పు కాదు, కాకపోతే అవి రెండూ ఒకే వస్తువును కొలవడం లేదు. ఇక ట్రెండ్ విషయానికొస్తే, అది ఒక ఉపగ్రహం ఇచ్చేది కాదు. ఏ ఉపగ్రహమూ నలభై ఏళ్లు బతకదు కాబట్టి డజనుకు పైగా ఉపగ్రహాల కొలతలను ఒకదానికొకటి అతికి ఆ గీత తయారుచేస్తారు. అతుకు సరిగ్గా పడిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఉపగ్రహ విలువల్ని, ఉష్ణోగ్రత కొలుస్తూ సముద్రంలో తేలే పరికరాలైన బోయ్‌ల విలువలతో పోల్చి చూడటం నా రోజువారీ పని, అందుకే కాస్త పొడవుగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మొదట ఉపగ్రహం చూసేదేమిటో చూద్దాం. అక్కడ థర్మామీటర్ ఏమీ లేదు. నీటి ఉపరితలం నుంచి వెలువడే పరారుణ కిరణాల తీవ్రతను సెన్సర్ అందుకుంటుంది, ముఖ్యంగా 11, 12 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాల దగ్గర, రాత్రిపూట అయితే 3.7 మైక్రాన్ల దగ్గర కూడా. ఈ కిరణాలు వచ్చేది పైనున్న పది, ఇరవై మైక్రాన్ల పొర నుంచే, అంటే తల వెంట్రుక మందం కన్నా చాలా తక్కువ. ఆ పొర గాలికి వేడి కోల్పోతూ ఉంటుంది కాబట్టి కింద నీటి కన్నా కాస్త చల్లగా ఉంటుంది, గాలి బాగా వీచే రాత్రుల్లో ఆ తేడా సుమారు 0.17 డిగ్రీలు. బోయ్ మాత్రం 20 సెంటీమీటర్ల లోతున కొలుస్తుంది, లంగరేసి నిలబెట్టిన పెద్ద బోయ్ అయితే మీటరు లోతున, ఓడ ఇంజన్‌లోకి లాగే నీరైతే ఇంకెన్నో మీటర్ల లోతున. ఇవన్నీ "సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత" అనే ఒకే పేరుతో చలామణీ అవుతున్నాయి, మీ అర డిగ్రీలో కొంత భాగం ఇక్కడే ఉంది.

ఇంకొంత భాగం మధ్యాహ్నపు ఎండలో ఉంది. ఆక్వా భూమధ్యరేఖను పగలు ఒకటిన్నర ప్రాంతంలో దాటేలా పెట్టారు. ఏప్రిల్‌లో బంగాళాఖాతం ఎలా ఉంటుందో ఆ తీరంలో పుట్టినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, గాలి ఆగిపోయి నీరు అద్దంలా పరుచుకుంటుంది. అలాంటి రోజున పైనున్న పల్చటి పొర ఎండకు కాగిపోతుంది, కానీ కలిపే గాలి లేదు కాబట్టి ఆ వేడి కిందికి దిగదు. నేను పోల్చిన జతల్లో, గాలి సెకనుకు రెండు మీటర్లు కూడా లేని మధ్యాహ్నాల్లో, మీటరు లోతున బోయ్ ముప్పై దగ్గర చూపిస్తుంటే ఉపగ్రహం ముప్పై రెండు చూపించిన సందర్భాలు ఉన్నాయి. రెండూ నిజమే. అదే చోట రాత్రి ఒకటిన్నరకు దాటినప్పుడు చూస్తే తేడా దాదాపు మాయమైపోతుంది. అందుకే ట్రెండ్ కోసమైతే మోడిస్‌లో రాత్రి ఫైళ్లే వాడండి. మీరు పగటి ఫైళ్లు దించినట్టు మీ గ్రాఫ్ చూస్తేనే అనిపిస్తోంది, ఎందుకంటే మార్చి నుంచి మే వరకు తేడా ఎక్కువగా ఉండి డిసెంబరులో తగ్గిపోతోంది.

ఇక ఓఐఎస్‌ఎస్‌టీ. దీన్ని చాలామంది ఉపగ్రహ డేటా అనుకుంటారు. నిజానికి అది మిశ్రమం. ప్రధానంగా ఏవీహెచ్‌ఆర్‌ఆర్ అనే పరారుణ సెన్సర్ విలువల్ని ఓడలు, బోయ్‌ల విలువలతో సరిచేసి, ఖాళీలను గణితంతో పూడ్చి, పావు డిగ్రీ గడులుగా ఇస్తారు. అంటే గడి ఒక్కో వైపు సుమారు 27 కిలోమీటర్లు. మీరు తీసుకున్నది 17.625 ఉత్తరం, 83.375 తూర్పు దగ్గరి గడి. మ్యాప్‌లో ఆ గడి అంచులు ఒకసారి గీసి చూడండి. డాల్ఫిన్స్ నోస్, హార్బర్, ఆర్కే బీచ్ వెనక ఊరు కొంత అందులోనే ఉన్నాయి. ఆ ఒక్క గడిలోకి వచ్చే సంఖ్య చుట్టుపక్కల సముద్రం నుంచి లెక్కగట్టి పూడ్చినది, తీరం వెంబడి పది కిలోమీటర్ల వెడల్పున జరిగే సంగతులు అందులో కనిపించవు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరం వెంబడి ప్రవాహం ఉత్తరానికి పారుతుంది, ఆ రోజుల్లో గాలి అనుకూలిస్తే అడుగు నుంచి చల్లటి నీరు పైకొస్తుంది. నాలుగు కిలోమీటర్ల మోడిస్ చిత్రంలో అది తీరాన్ని అంటుకుని సన్నటి పట్టీలా కనిపిస్తుంది, 27 కిలోమీటర్ల గడిలో కరిగిపోతుంది.

మబ్బుల సంగతి. మీరు చదివింది నిజమే, పరారుణ కిరణాలు మబ్బును దాటి రావు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బంగాళాఖాతం మీద మబ్బు ఎంత కమ్ముకుంటుందో ఆలోచించండి. ఒక జులై నెలలో మోడిస్‌కు ఆ గడి స్పష్టంగా కనిపించేది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లు. ఇందులో రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఒకటి, మబ్బు లేని రోజులంటే ఎండ కాసిన రోజులు, కాబట్టి నెల సగటు కాస్త వేడివైపు జరుగుతుంది. రెండోది దీనికి పూర్తిగా ఎదురు. పల్చటి మబ్బు, మబ్బు అంచు, వీటిని సాఫ్ట్‌వేర్ పట్టుకోలేకపోతే ఆ చల్లటి మబ్బునే సముద్రం అనుకుంటుంది. ఆగస్టులో విశాఖ దగ్గర 22 డిగ్రీలు కనిపించిందంటే అది సముద్రం కాదు, కచ్చితంగా మబ్బే. మోడిస్ ఫైల్‌లో నాణ్యత అంకె ఒకటి వేరే పొరగా ఉంటుంది. సున్నా అంటే ఉత్తమం, అంకె పెరిగేకొద్దీ నమ్మకం తగ్గుతుంది. చాలామంది ఆ పొర తెరవరు. మీరు సున్నా ఉన్నవే ఉంచి మిగతావి తీసేసి మళ్లీ గీయండి, వర్షాకాలంలో గీత ఎంత మారుతుందో మీకే తెలుస్తుంది.

మబ్బును దాటి చూసేవి మైక్రోవేవ్ సెన్సర్లు. 1997 నవంబరులో వెళ్లిన టీఆర్‌ఎంఎం మీది టీఎంఐ, ఆక్వా మీద 2011 అక్టోబరు దాకా పనిచేసిన ఏఎంఎస్‌ఆర్-ఈ, ఆ తర్వాత 2012 నుంచి జపాన్ వాళ్ల ఏఎంఎస్‌ఆర్-2, ఇవీ మనకు ముఖ్యం. మన ఇస్రో కూడా 1999లో ఓషన్‌శాట్-1 మీద ఎంఎస్ఎంఆర్ అనే మైక్రోవేవ్ సెన్సర్ పంపింది. బంగాళాఖాతం లాంటి వెచ్చటి నీటికి 10.7 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం చాలు, చల్లటి సముద్రాలకు 6.9 ఉండాలి. వీటికి వానంటే పడదు, మబ్బంటే ఇబ్బంది లేదు. చిక్కల్లా చూపు మొద్దుగా ఉండటమే. ఒక్కో చూపు పదుల కిలోమీటర్ల వెడల్పు, అందులో ఒక మూల భూమి తగిలినా విలువ పాడైపోతుంది, కాబట్టి తీరానికి దగ్గర్లో విలువలే ఇవ్వరు. మీ గడికి ఇవి పనికిరావు, నడి సముద్రానికి మాత్రం బంగారం.

తుపాను సమయంలో ఈ తేడా ఎంత ముఖ్యమో ఒక సంగతి చెప్తాను, ఇది మీరు ఎప్పుడైనా వాడుకోవాల్సి వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. అలాంటి తుపాను వచ్చినప్పుడు దాని కింద ఏం జరుగుతోందో పరారుణ చిత్రంలో చూద్దామంటే రోజుల తరబడి తెల్లటి ఖాళీయే. ఖాళీ పూడ్చిన డేటాసెట్‌లో చూస్తే అక్కడ సంఖ్య ఉంటుంది, కానీ ఆ సంఖ్య తుపాను ముందు రోజుల నుంచి, పక్క గడుల నుంచి లాక్కొచ్చినది. గాలి నీటిని చిలికి కింది చల్లటి నీటిని పైకి తెస్తుంది, తుపాను నడిచిన దారి వెంట చల్లటి చార మిగులుతుంది. ఆ చారను ముందుగా పట్టేది మైక్రోవేవే, పూడ్చిన డేటాలో అది ఆలస్యంగా, మెత్తబడి కనిపిస్తుంది. ఇంకో విశేషం, ఉత్తర బంగాళాఖాతంలో అక్టోబరులో ఆ చార చాలాసార్లు పెద్దగా ఏర్పడదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వర్షాకాలమంతా తెచ్చి పోసిన మంచినీరు ఉప్పునీటి పైన పొరలా తేలుతుంది, గాలి ఎంత చిలికినా కింది చల్లటి నీరు సులువుగా పైకి రాదు. తుపానుకు వేడి అందుతూనే ఉంటుంది. ఇది ఉపరితల ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే అర్థం కాదు, ఉప్పదనం, లోతున వేడి కూడా చూడాలి. అందుకే తుపాను బలం గురించి మాట్లాడేటప్పుడు నిపుణులు ఉపరితల ఉష్ణోగ్రతతో ఆగకుండా 26 డిగ్రీల నీరు ఎంత లోతు దాకా ఉందో చూస్తారు.

సరే, ఇప్పుడు అసలు విషయం, ఏళ్ల తరబడి రికార్డు. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీలాంటి కుర్రవాళ్లు చాలామంది సెన్సర్ తప్పుల గురించి చదువుతారు గానీ అతుకుల గురించి చదవరు.

ముందు ఎంత చిన్న మార్పు కోసం వెతుకుతున్నామో చూడండి. మన భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో విడుదల చేసిన అంచనా నివేదిక ప్రకారం ఉష్ణమండల హిందూ మహాసముద్రం 1951 నుంచి 2015 మధ్య సగటున ఒక డిగ్రీ వేడెక్కింది, అంటే పదేళ్లకు 0.15 డిగ్రీలు. అదే కాలంలో ప్రపంచ సముద్రాల సగటు 0.7 డిగ్రీలు. పదేళ్లకు 0.15 డిగ్రీల మార్పును పట్టుకోవాలంటే కొలత పద్ధతి అంతకన్నా చాలా నిలకడగా ఉండాలి కదా. వాతావరణ మార్పు పనికి అంతర్జాతీయంగా పెట్టుకున్న లక్ష్యం పదేళ్లకు 0.03 డిగ్రీలకు మించి జారకూడదని. మరి ఏవీహెచ్‌ఆర్‌ఆర్ ఒక్కో కొలతలో తప్పు 0.4, 0.5 డిగ్రీలు ఉంటుంది. అది యాదృచ్ఛికంగా అటూ ఇటూ ఉన్నంతసేపు బాధ లేదు, లక్షల కొలతల సగటులో కొట్టుకుపోతుంది. అన్నీ ఒకే వైపుకు తప్పితే మాత్రం ఎన్ని కోట్ల కొలతలు సగటు చేసినా ఆ తప్పు అలాగే ఉంటుంది. మన తలనొప్పంతా ఈ రెండో రకంతోనే.

అలా ఒకే వైపుకు తప్పిన సందర్భాల్లో అందరికీ గుర్తుండేవి అగ్నిపర్వతాలు. 1982లో మెక్సికోలో ఎల్ చిచోన్ పేలింది. దాని ధూళి పైకెళ్లి స్ట్రాటోస్ఫియర్‌లో పరుచుకుంది, సెన్సర్‌కు సముద్రం ఉన్నదానికన్నా చల్లగా కనిపించింది. సరిగ్గా అదే ఏడాది పసిఫిక్‌లో శతాబ్దంలోనే పెద్దవాటిలో ఒకటైన ఎల్ నినో (సముద్రం అసాధారణంగా వేడెక్కడం) మొదలైంది, ఉపగ్రహ విలువలు చల్లగా చూపించడం కూడా దాన్ని ఆలస్యంగా గుర్తించడానికి ఒక కారణమైంది. మళ్లీ 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో. ఉష్ణమండలంలో ఏవీహెచ్‌ఆర్‌ఆర్ విలువలు డిగ్రీకి పైగా పడిపోయాయి. మీ గ్రాఫ్‌లో 1991 తర్వాత పల్లం కనిపిస్తే, పినటూబో వల్ల భూమి నిజంగా కొంత చల్లబడింది కూడా కాబట్టి అందులో నిజమెంత, సెన్సర్ మోసమెంత అన్నది విడదీయడం అంత తేలిక కాదు. బోయ్‌లు, ఓడలు లేకపోతే ఆ ముడి విప్పలేం.

విశేషమేమిటంటే, ఈ సమస్యకు మందు అప్పటికే తయారై ఉంది. 1991 జులైలో, పినటూబో పేలిన నెలకే, ఐరోపా వాళ్లు ఈఆర్‌ఎస్-1 ఉపగ్రహం మీద ఏటీఎస్ఆర్ అనే సెన్సర్ పంపారు. అది ఒకే చోటును రెండుసార్లు చూస్తుంది, ఒకసారి నిట్టనిలువుగా, ఇంకోసారి ముందుకు సుమారు 55 డిగ్రీల వాలుతో. వాలుగా చూసినప్పుడు కిరణం దాదాపు రెట్టింపు గాలిని దాటి వస్తుంది. రెండు చూపుల తేడా బట్టి మధ్యలో గాలి, తేమ, ధూళి ఎంత మింగేసిందో లెక్కకట్టొచ్చు. పైగా సెన్సర్‌లోనే రెండు నల్లటి ప్రామాణిక వస్తువులు ఉంటాయి, ఒకటి చల్లగా, ఒకటి వేడిగా, సముద్ర ఉష్ణోగ్రతలన్నీ ఆ రెండింటి మధ్య పడేలా. ప్రతి చుట్టులో వాటిని చూసి సెన్సర్ తనను తాను సరిచూసుకుంటుంది. ఏవీహెచ్‌ఆర్‌ఆర్‌కు అలాంటిది లోపల ఒక్కటే, రెండోదిగా అది చూసేది ఖాళీ అంతరిక్షాన్ని.

దీనికీ ఏవీహెచ్‌ఆర్‌ఆర్‌కూ ఇంకో పెద్ద తేడా ఉంది. తేమ నిండిన మన గాలిలో 11 మైక్రాన్ల దగ్గర కనిపించే ఉష్ణోగ్రత అసలు నీటి కన్నా ఐదారు డిగ్రీలు తక్కువగా ఉండొచ్చు. 12 మైక్రాన్ల దగ్గర ఇంకా తక్కువ. ఈ రెండింటి తేడాను ఒక గుణకంతో పెంచి కలిపితే నీటి ఉష్ణోగ్రత వస్తుంది, స్థూలంగా ఏవీహెచ్‌ఆర్‌ఆర్ పద్ధతి ఇదే. ఆ గుణకాలు ఎక్కడివి? బోయ్‌లతో సరిపోయేలా తేల్చినవి. అంటే ఆ ఉపగ్రహ రికార్డు బోయ్‌ల మీద ఆధారపడి ఉంది. అలాంటప్పుడు "చూశారా, ఉపగ్రహమూ బోయ్‌లూ ఒకే మాట చెప్తున్నాయి" అని దాన్ని సాక్ష్యంగా చూపించడం సబబు కాదు. ఏటీఎస్ఆర్ కుటుంబం విలువలు భౌతిక సూత్రాల నుంచి నేరుగా లెక్కగట్టినవి, బోయ్‌ల సాయం లేకుండా. అందుకే వాటికి నా దృష్టిలో అంత విలువ. ఏటీఎస్ఆర్ విలువలూ బోయ్‌ల విలువలూ కలిశాయంటే నిజంగా కలిసినట్టు.

కానీ ఆ కుటుంబానికీ ఒక గండం వచ్చింది. ఈఆర్‌ఎస్-1, తర్వాత 1995లో ఈఆర్‌ఎస్-2, 2002లో ఎన్విశాట్, ఇలా ఒకటి ఉండగానే ఇంకోటి వెళ్లి, రెండూ ఒకే సముద్రాన్ని కొంతకాలం చూసేవి. 2012 ఏప్రిల్‌లో ఎన్విశాట్‌తో సంబంధాలు తెగిపోయాయి. దాని వారసుడు సెంటినెల్-3ఏ వెళ్లింది 2016 ఫిబ్రవరిలో. దాదాపు నాలుగేళ్ల ఖాళీ. ఆ ఖాళీకి ఈ చివర ఉన్న విలువను ఆ చివరి విలువతో ఎలా జోడించాలి? మధ్యలో మెటాప్-ఏ ఉపగ్రహం మీద ఉన్న ఏవీహెచ్‌ఆర్‌ఆర్‌ను వంతెనగా వాడుకోవాల్సి వచ్చింది, అదృష్టం కొద్దీ మెటాప్ భూమధ్యరేఖను దాటే సమయాన్ని జారకుండా నిలబెట్టారు కాబట్టి అది సాధ్యమైంది. కొత్త ఉపగ్రహానికి డబ్బు మంజూరు చేసేవాళ్లకు పాతది చావకముందే కొత్తది పంపమని చెప్పడం ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది. ఖాళీ వచ్చాక వెనక్కి వెళ్లి కొలవలేం.

"దాటే సమయం జారడం" అన్నాను కదా, అదే మీ రికార్డు మొదటి సగంలో ఉన్న పెద్ద మెలిక. ఏవీహెచ్‌ఆర్‌ఆర్‌ను మోసుకెళ్లిన, అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా వాళ్ల పాత ఉపగ్రహాలు (7, 9, 11, 14) మధ్యాహ్నం ఒకటిన్నర, రెండున్నర మధ్య దాటేలా మొదలై, కక్ష్యను సరిదిద్దే ఏర్పాటు లేక ఏటేటా ఆలస్యంగా దాటుతూ సాయంత్రం దాకా జారిపోయేవి. మధ్యాహ్నం కాగిన నీటికీ సాయంత్రం నీటికీ తేడా ఉంటుంది. ఉపగ్రహం ముసలిదయ్యేకొద్దీ ఆ తేడా మెల్లగా రికార్డులోకి దిగుతుంది, కొత్తది రాగానే ఒక్కసారి మళ్లీ మధ్యాహ్నానికి ఎగురుతుంది. 1993 ఆగస్టులో వెళ్లిన నోవా-13 కొన్ని రోజులకే చచ్చిపోయింది, దాంతో అప్పటికే బాగా జారిపోయిన నోవా-11నే సాగదీసుకోవాల్సి వచ్చింది. ఇదంతా పాత కథ అనుకోకండి. మోడిస్ ఉన్న రెండు ఉపగ్రహాలు, టెర్రా, ఆక్వా కూడా ఇంధనం అయిపోవస్తుండటంతో 2020 తర్వాత తమ సమయం నుంచి జారడం మొదలుపెట్టాయి. మీ మోడిస్ గ్రాఫ్ చివరి మూడు నాలుగేళ్ల మీద ఏ తీర్మానానికైనా వచ్చేముందు ఇది గుర్తుపెట్టుకోండి.

నీటి మీద ఉన్న కొలతలు మాత్రం మారకుండా ఉన్నాయా అంటే అవీ మారాయి. 1980ల్లో ఎక్కువ భాగం ఓడలే. ఓడ ఇంజన్ గది వేడి తగలడం వల్ల ఓడ కొలతలు బోయ్ కన్నా సగటున 0.12 డిగ్రీలు ఎక్కువ చూపిస్తాయి. క్రమంగా తేలే బోయ్‌లు పెరిగాయి, 2005 సెప్టెంబరులో వాటి సంఖ్య లక్ష్యంగా పెట్టుకున్న 1,250కి చేరింది. ఇప్పుడు ఆలోచించండి, ఎక్కువ చూపించే పరికరాల వాటా తగ్గి సరిగ్గా చూపించేవాటి వాటా పెరిగితే, సముద్రం ఏమీ చేయకపోయినా సగటు కిందికి జారుతుంది. అంటే సవరణ చేయకపోతే వేడెక్కడం తక్కువగా కనిపిస్తుంది. 2015లో నోవా ఈ సవరణ చేసినప్పుడు కావాలని వేడి పెంచి చూపిస్తున్నారని పెద్ద గొడవ జరిగింది. 2017లో ఇంకో బృందం బోయ్‌లను విడిగా, ఉపగ్రహాన్ని విడిగా, మునుగుతూ తేలుతూ కొలిచే ఆర్గో ఫ్లోట్లను విడిగా తీసుకుని, దేన్నీ దేనితోనూ కలపకుండా ట్రెండ్ లెక్క కట్టింది. మూడూ సవరించిన రికార్డుతోనే ఏకీభవించాయి. నాకు సముద్రం వేడెక్కుతోందన్న నమ్మకం ఏ ఒక్క గ్రాఫ్ వల్లో రాలేదు, ఇలా ఒకదానితో ఒకటి సంబంధం లేని పద్ధతులు ఒకేచోటికి రావడం వల్ల వచ్చింది.

ఓఐఎస్‌ఎస్‌టీ గురించి ఇంకో ముక్క. 2020లో దాని 2.1 వెర్షన్ వచ్చింది. 2016 నుంచి ముందుకు ఉన్న విలువల్ని కొత్త ఉపగ్రహాలతో, ఆర్గో విలువలు కూడా కలిపి, ఓడల సవరణ మార్చి మళ్లీ తయారుచేశారు. హిందూ మహాసముద్రంలో అంతకుముందు ఉన్న చల్లటి బయాస్ (ఉన్నదానికన్నా చల్లగా చూపించే తప్పు) దీంతో తగ్గింది. మీరు పాత 2.0 ఫైళ్లు కొన్ని, కొత్త 2.1 ఫైళ్లు కొన్ని కలిపి గీశారంటే మొదటికే మోసం. ఫైల్ పేరులోనే వెర్షన్ ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

ఇంత చిట్టా విప్పాక "అయితే ఇది దేనికీ పనికిరాదా" అని మీకు టెన్షన్ రావచ్చు. పనిని బట్టి ఉంటుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ మత్స్యకారులకు చేపలు ఎక్కువగా దొరికే చోట్ల గురించి సూచనలు పంపుతుంది కదా, అందులో ఉపరితల ఉష్ణోగ్రత, నీటి రంగు బట్టి తెలిసే క్లోరోఫిల్ ముఖ్యమైనవి. అక్కడ కావలసింది వేడి నీరు, చల్లటి నీరు ఎక్కడ రాసుకుంటున్నాయో ఆ గీత. చిత్రం మొత్తం అర డిగ్రీ తప్పినా ఆ గీత కదలదు, బోటు వెళ్లాల్సిన చోటు మారదు. అదే అర డిగ్రీ తప్పు పగడపు దిబ్బల విషయంలో ప్రాణం తీస్తుంది, ఏటా అత్యంత వేడి నెల సగటుకు ఒక్క డిగ్రీ పైన నీరు వారాల తరబడి నిలిస్తే పగడాలు తెల్లబడతాయి, అక్కడ హద్దే ఒక డిగ్రీ. ఇక ట్రెండ్‌కు అర డిగ్రీ ఎప్పుడూ ఒకేలా తప్పితే ఏమీ కాదు, అది 2003లో ఒకలా 2020లో ఒకలా తప్పితే గీత మొత్తం అబద్ధం. రోజులో ఎలా మారుతుందో చూడాలంటే మన ఇన్‌శాట్-3డీ శ్రేణి లాంటి భూస్థిర ఉపగ్రహాలు మేలు. 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఒకేచోట నిలబడి అరగంటకోసారి చూస్తాయి, మబ్బు కదిలిన సందులోంచి కూడా నీరు దొరుకుతుంది.

ఇప్పుడు మీ పనికి వద్దాం. ఆ ఒక్క గడిని వదిలేయండి. తీరానికి కనీసం యాభై కిలోమీటర్లు అవతల మొదలుపెట్టి, రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు పెట్టె తీసుకుని సగటు చేయండి. తర్వాత ప్రతి నెల విలువ నుంచి ఆ నెల దీర్ఘకాల సగటును తీసేయండి, ఎందుకంటే మన దగ్గర జనవరికీ మేకీ మధ్య నాలుగైదు డిగ్రీల ఊపు ఉంటుంది, ఆ ఊపులో పదేళ్లకు 0.15 ఎక్కడ కనపడుతుంది. రెండు డేటాసెట్లకూ ఒకే సంవత్సరాల సగటు తీసేయాలి, ఉదాహరణకు 2003 నుంచి 2020. అలా చేశాక మీ అర డిగ్రీ తేడాలో ఎక్కువ భాగం మాయమవుతుంది, మిగిలింది చూడండి, అదీ అసలు చూడాల్సింది.

మోడిస్‌తో ఇంకో జాగ్రత్త, అది ఇరవై ఏళ్ల పైచిలుకు రికార్డే. చివర్లో 2023, 2024 ఉన్నాయి, ప్రపంచ సముద్రాల సగటు అంతవరకూ ఎన్నడూ లేనంత పైకి వెళ్లిన సంవత్సరాలు, పైగా ఎల్ నినో. చిన్న రికార్డు చివర్లో అలాంటి వేడి సంవత్సరాలు పడితే గీత నిటారుగా లేస్తుంది. 2022 దాకా ఒకసారి, 2024 దాకా ఒకసారి గీసి రెండు వాలులూ రాయండి. ఎక్సెల్ ఇచ్చే అనిశ్చితి అంచనాను నమ్మకండి, ఈ నెల వేడిగా ఉంటే వచ్చే నెలా వేడిగానే ఉంటుంది కాబట్టి 240 నెలలంటే 240 స్వతంత్ర కొలతలు కావు, నిజమైన అనిశ్చితి అది చూపించేదానికన్నా చాలా ఎక్కువ.

మూడో సాక్షిగా ఐరోపా అంతరిక్ష సంస్థ వాతావరణ కార్యక్రమం కింద తయారైన సముద్ర ఉష్ణోగ్రత డేటాసెట్ కూడా దించుకోండి. అందులో ఏటీఎస్ఆర్ కుటుంబాన్ని ఆధారంగా పెట్టుకుని, విలువలన్నీ 20 సెంటీమీటర్ల లోతుకు, దాటే సమయం జారిపోయిన సమస్య రాకుండా ఒకే స్థానిక సమయానికి సర్ది ఇస్తారు. ట్రెండ్ కోసమే చేసినది, మీ అవసరానికి నేనైతే మొదట దాన్నే తెరుస్తాను.

మళ్లీ గ్రాఫ్ పెట్టేటప్పుడు పెట్టె నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు, వెర్షన్ నంబరు, పగలా రాత్రా, నాణ్యత అంకె ఎంత దాకా ఉంచారు, ఏ ఏళ్ల సగటు తీసేశారు, ఇవి కింద రాయండి. అప్పుడు రెండు గీతలు ఏ ఏడాది నుంచి విడిపోతున్నాయో చూసి, ఆ ఏడాది ఏ ఉపగ్రహం మారిందో చెప్పగలను.